గరాటులో గొంతు

నీడలో ఆరిన మట్టిని చెక్క సుత్తితో నలిపి, జల్లించి, ద్రావణంలో అరగంట కుదిపి, వడపోత కాగితంలో పోస్తాడు జల్లెడాయన. భూసార పరీక్షా కేంద్రంలో పదహారేళ్లుగా అదే పని. అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు, ఇంటికెళ్తే అసలు మనుషులే లేరు.

గరాటులోంచి చుక్కలు పడేటప్పుడు మట్టి మాట్లాడుతుంది. మున్ముందు ఆ నేలలో ఎవరు కలిసిపోతారో వాళ్ల గొంతుతో, ఆనాటికి వాళ్లకుండే వయసుతో. నత్రజని, భాస్వరం, పొటాష్ అంకెల కింద "గొంతు: ఆడ, ముసలి" అని రాసిస్తాడు. రైతులు చదివి మడిచి జేబులో పెట్టుకుని, ఎరువుల సంగతి అడుగుతారు.

ఆ సోమవారం ఒక సంచి మట్టి, "ఒక్కణ్ణే ఉన్నానిక్కడ" అంది.

తన గొంతే. నిన్న పట్టిన జలుబుతో సహా.

రసీదులు రాసే పెద్దావిడ తలెత్తింది. "ఏంటి తమ్ముడూ, నీదేనా?"

"నాదే అక్కా."

"అయ్యో. ముందు కాస్త టీ తాగు."

మధ్యాహ్నం ఆ పొలం మనిషి వచ్చింది. అతని ఈడుదే, ఒంటరిగా సేద్యం చేసుకుంటోంది. "ఎంత ఎరువేసినా ఆకులు ఊదారంగుకి తిరిగి మొక్కలు గిడసబారిపోతున్నాయండీ."

"భాస్వరం దండిగానే ఉందండీ. పులుపెక్కువై నేల దాన్ని గుప్పిట్లో బిగించేసింది. వేళ్లకి అందట్లేదు."

"కంచం నిండా ఉండీ పస్తులన్నమాట." అని, అతని మొహంలోకి చూసి ఆగిపోయింది. "ఆ గొంతు మీదే! వాన పడ్డప్పుడల్లా పొలంలో వింటున్నా. పోయినేడు మా నాన్న గొంతు వినిపించింది, వారానికే పోయారు. అటువైపు రాకండి."

రాకుండా ఉంటే తప్పుతుందా? పొలాలమ్ముకుని పారిపోయినవాళ్లూ చివరికి అదే మట్టికి చేరడం అతను చూశాడు. సాయంత్రం దాకా ఆ అంకెలే చూస్తూ కూర్చున్నాడు. ఆకలేసినవాడు పచ్చికాయైనా కోస్తాడు, నేలైనా అంతే, అనుకున్నాడు.

మర్నాడు సెలవు పెట్టి, పులుపు విరిచే సున్నం బస్తాలతో పొలానికెళ్లాడు. ఆమె తిట్టింది. తిడుతూనే తనూ చల్లింది. పాదాల కింద నేల వెచ్చగా, నిద్రపోతున్నవాడి పొట్టలా లేస్తూ పడుతూ ఉంది. చేను మధ్యలో అతను ఉన్నట్టుండి నడుము దాకా దిగబడ్డాడు. ఆమె చెయ్యందుకుంది.

"చెయ్యి వదలండి, మీరూ పడతారు!"

"మాటలాపి కాళ్లాడించండి!" ఆమె ఒంటిచేత్తో బస్తా లాగి ఆ గుంటలోనే కుమ్మరించింది. నేల కాసేపు నమిలిన చప్పుడు చేసింది. తర్వాత అతన్ని వదిలేసింది.

కోతలయ్యాక మళ్లీ మట్టి తెచ్చారు. పులుపు విరిగింది, భాస్వరం వేళ్లకి అందుతోంది. ఇద్దరూ గరాటు మీదికి వంగారు. చుక్క పడింది.

"ఏమేవ్, దుప్పటంతా నువ్వే లాక్కుంటే ఎలా?" పళ్లూడిన ముసలి గొంతు, అతనిదే.

పెద్దావిడ కలం తీసింది. "వయసెంతని రాయను?"

"ఎనభై పైమాటే అక్కా."

రెండో చుక్క పడింది. "నాకు మాత్రం చలి కాదేంటి?" అంది వణికే ఆడగొంతు.

పక్కనున్న పొలం మనిషి చెయ్యి మెల్లగా తన బోసి మెడ మీదికి పోయింది.