ఉప్పునీళ్లు తాగిన ఇంజను

విడవలూరుకు తూర్పున ఉప్పుకాలవ దాటితే అంతా ఇసుకే. ఆ ఇసుకలో తవ్విన దొరువుల్లో మాత్రం తియ్యనీళ్లు ఊరతాయి. ఆ నీళ్లను నమ్ముకుని హజరత్తయ్య వరి పెట్టాడు. ఆ యేడు కార్తీకంలోనూ వాన మొహం చాటేసింది. పైరు పొట్టమీద ఉంది, నేడో రేపో వెన్ను తీసేట్టు. నీళ్లు తోడేందుకు, కపిలె లాగే ఎడ్లనిచ్చి తెచ్చుకున్న ఇంజనొక్కటే దిక్కు. అది పెట్రోలుతో లేచి, వేడెక్కాక కిరసనాయిలు మీద నడిచే రకం.

ఈ మధ్య దాని గొంతు మారింది. ఇనుపచెంబులో గులకరాళ్లు పోసి ఆడించినట్టు ఒకటే చప్పుడు. హజరత్తయ్య వేపకర్ర ఒక కొస సిలిండరుకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని గంటలకొద్దీ కూర్చునేవాడు. పెట్రోలు మీద తక్కువ, కిరసనాయిలు మీద ఎక్కువ. ఎండ ముదిరితే మరీ ఎక్కువ. ఎందుకో మాత్రం అంతుపట్టలేదు.

మెకానిక్కు ముత్యాలయ్య సైకిలు దిగుతూనే నవ్వాడు.

“ఏందన్నా, ఇంజనుకు నాడి చూస్తుండావా?”

“ఎకసెక్కాలు చాల్లే. ముందు దీని సంగతి చూడు.”

ముత్యాలయ్య నిప్పురవ్వ కాస్త ఆలస్యంగా పడేట్టు మీట తిప్పాడు. చప్పుడు సన్నగిల్లి, మళ్లీ వచ్చింది. ఈసారి రవ్వనిచ్చే తీగే పీకేశాడు. ఇంజను ఆగలేదు. మూలుగుతూ ఇంకా తిరిగి, అప్పుడు ఆగింది. అతని మొహంలో నవ్వు పోయింది.

“చూసినావా? రవ్వ లేకండానే మండతా ఉండాది. లోపల ఎర్రగా కాగిపోయి, నూనె దానంతటదే అంటుకుంటా ఉండాది. ఆ దెబ్బలే నువ్వు వినేది. పైతొట్టిలో ఏం నీళ్లు పోస్తుండారు?”

సిలిండరు వేడి లాగేందుకు దాని చుట్టూ ఉండే తొట్టిలో నీళ్లు కాగుతుంటాయి, తగ్గినకొద్దీ పోస్తుండాలి. ముత్యాలయ్య లోపల చెయ్యిపెట్టి గీకాడు. గోటికింద తెల్లటి పెచ్చు.

“కాలవ నీళ్లు,” అంది హజరత్తయ్య భార్య కామమ్మ, బిందె దించకుండానే. “పైరు నోరు తెరుచుకోనుంటే, తియ్యనీళ్లు దీన్లో పోసి ఆవిరి చేసేదానికి చెయ్యి రాలా.”

“బలే పనిచేసినావక్కా! సిలిండరు చుట్టూ ఉప్పు గోడ కట్టినావు. ఇంక వేడి యాడికి పోవాల? విప్పి గీకాలన్నా. వారమన్నా పడతది.”

“వారం పైరుండదు.”

“నడిపితే ఇంజనుండదు.”

అతను వెళ్లాక హజరత్తయ్య గట్టుమీద నిలబడ్డాడు. ఆకులు చుట్టుకుపోతున్నాయి. దొరువులోంచి తియ్యనీళ్లు ముంచి తొట్టి నింపి, హ్యాండిలు తిప్పాడు. కామమ్మ మొదటి మడికి గట్టు తెంపింది.

నీళ్లు మొదటి మడి తడిపాయి. దెబ్బలు పెరిగాయి. ఇప్పుడు కర్ర అవసరం లేదు, పాదాల కిందనే తెలుస్తున్నాయి. రెండో మడి సగంలో ఫెళ్లుమంది. చక్రం వట్టిగా తిరిగి ఆగిపోయింది. పిస్టనుకు బొక్కపడి, నూనెపొగ కమ్మింది.

చూస్తుండగానే మడికి పారే పిల్లకాలువలో నీళ్లు ఇసుకలోకి ఇంకిపోయాయి. దొరువులో మాత్రం తేటగా, పైరుకు చాలినన్ని ఉన్నాయి.

“తిట్టయ్యా,” అంది కామమ్మ. “కడుపుకు ఏం తింటుండావని తిట్టు.”

అతను హ్యాండిలు గట్టున పెట్టాడు.

“ఏమని తిట్టేదిమే? పైరు మిందుండే ఆశకేగదా పోసినావు.”

నాలుగో రోజుకు ఆకు ఎర్రబారింది. పూర్తిగా ఎండితే గొడ్లు కూడా ముట్టవని హజరత్తయ్య కొడవలి పట్టాడు. కోసిన ప్రతి దుబ్బులోనూ, పొట్టలోపల, బయటికి రాని తెల్లటి వెన్ను. అవతలి గట్టునుంచి కామమ్మ కొయ్యడం మొదలుపెట్టింది. ఇద్దరూ తలలెత్తలేదు.