దాహం మనిషి

మూడో వరుస బెంచీ అడుగున ఎవరో నమిలి అంటించిన బబుల్‌గమ్‌ను ఆమె పాత చాకుతో గీకుతోంది. పాటలు పాడే నోళ్లే దీన్నీ నమిలాయి కాబోలు అనుకుని ముఖం చిట్లించుకుంది. చర్చికొచ్చే పిల్లలంతా ఆమెను బకెట్టమ్మ అంటారు. ఇరవై ఏళ్లుగా నేల తుడిచి తుడిచి నడుము వంగిపోయింది. బ్లీచింగ్ నీళ్లకు వేళ్ల కొసలు తెల్లగా పొరలు లేచాయి.

మొదట్లో ఆమెకు ఇది ఉద్యోగం మాత్రమే. పుట్టింటి దేవతలు వేరు. గడపకు ఒకరు, బావికి ఒకరు, పొయ్యికి ఒకరు. ఎవరి పని వాళ్లది, ఒకరితో ఒకరికి పేచీ లేదు. ఇక్కడ మాత్రం అన్నిటికీ ఒక్కడే.

"అన్నీ ఒక్కడే చూసుకోవాలా? పాపం, ఆయనకి అన్నం తినే తీరికైనా ఉంటుందా?" అని తాళాలు బాగుచేసే ఆమె మొగుడు పడీపడీ నవ్వేవాడు. అలా నవ్వుతూనే, బాప్తిస్మం ఊసెత్తకుండానే పోయాడు.

పోయినవాళ్లు ఇల్లు విడిచి వెళ్లరని, వాళ్లకు దాహమేస్తుందని ఆమె పుట్టింటివాళ్ల నమ్మకం. రోజూ పొద్దున్నే ఆయన కోసం కిటికీలో నీళ్లు పెట్టేది. ఆయన అసలే దాహం మనిషి. ఎత్తిన చెంబు ఖాళీ అయితే గాని దించేవాడు కాదు.

ఏడాది తిరక్కుండా పాస్టరుగారి ముందు కూర్చుని ఏడ్చింది. "నేను మీలో కలిస్తే మా ఆయన సంగతేంటి అయ్యగారూ?"

"ఆయన్ని దేవుడు చూసుకుంటాడమ్మా. ఇంక ఆ నీళ్లు పెట్టక్కర్లేదు."

ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె బాప్తిస్మం తీసుకుంది. నీళ్లు పెట్టడం మానేసింది. పదకొండేళ్లయింది.

ఈ మధ్యాహ్నం ముందు వరుసల్లో, కొత్తగా బాప్తిస్మం తీసుకోబోయేవాళ్లకు పాఠం జరుగుతోంది. ఒక నర్సమ్మ లేచి, నమ్మకుండానే పోయిన తన తండ్రి ఎక్కడుంటాడని అడిగింది. పాస్టరుగారు చేతిలోని బైబిలు మూశారు.

"నమ్మనివాళ్లకి రక్షణ లేదమ్మా. ఈ మాట నేను దాచకూడదు."

బకెట్టమ్మ చేతిలో చాకు ఆగిపోయింది. అందరూ వెళ్లేదాకా కాచుకుని ఆయన దగ్గరకు వెళ్లింది.

"మా ఆయన సంగతీ అంతేనా?"

ఆయన ముఖం పాలిపోయింది. "అప్పుడు మీరు ఏడుస్తున్నారమ్మా. ఏం చెప్పమంటారు? మీకైతే ఏ భయమూ లేదు."

"నా సంగతి అడగలేదయ్యగారూ."

నమ్మించి గొంతు కోశాడు అనుకుంది. కోపం ఆయన మీద ఎంతుందో తన మీద అంతకు రెట్టింపు ఉంది. ఆయన చెప్పింది ఒక్క మాట. దాహంతో ఉన్న మనిషికి పదకొండేళ్లు నీళ్లు ఆపింది తనే.

"రేపట్నుంచి ఇంకెవరినైనా చూసుకోండి," అంది.

సాయంకాలం ప్రార్థనకు ముందు ప్రసంగ వేదిక మీది బల్లపై గ్లాసు నింపి పెట్టడం ఆమె రోజూ చేసే చివరి పని. నింపింది. వేదిక దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. ఇంట్లో చుక్క నీళ్లు దొరక్క తన మొగుడు ఎప్పుడో గడప దాటేసి ఉంటాడు. ఇప్పుడు ఏ వీధుల్లో తిరుగుతున్నాడో. రోడ్డు వైపు కిటికీ తెరిచి గ్లాసు అక్కడ పెట్టింది.

"ఆలస్యమైంది. ఏమీ అనుకోకు," అని గొణిగి, పక్క తలుపు గుండా వెళ్లిపోయింది.

ప్రార్థన మొదలైంది. ప్రసంగం మధ్యలో పాస్టరుగారి గొంతు ఎండిపోయి, చెయ్యి అలవాటుగా పక్కకు వెళ్లి వట్టి బల్లను తడిమింది. తెరిచిన కిటికీలో గ్లాసు అంచుదాకా నిండుగా అలాగే ఉంది.