చూడని తప్పుకు ఊదిన ఈల

ఇరవై ఒక్క మ్యాచులు వరసగా ఓడిపోయిన జట్టుకు నేను ఆడాను. ఆడాను అనడం కూడా కొంత అతిశయమే. చాలా ఆదివారాలు మైదానం గీత బయట బల్ల మీద కూర్చున్నాను.

వోల్ఫ్స్‌బర్గ్‌కు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న రోట్‌హోఫ్ అనే ఊరి క్లబ్బులో మాది మూడో జట్టు. జర్మనీ ఫుట్‌బాల్ లీగుల నిచ్చెనలో మాకన్నా కింద మెట్టు లేదు. అందుచేత కిందికి దించుతారన్న భయం మాకు ఉండేది కాదు. ఆ లోటును క్లబ్బు పెద్దలు మార్చి నెలలో తీర్చారు: సీజను ముగిసేలోగా ఒక్క పాయింటైనా రాకపోతే మూడో జట్టును రద్దు చేస్తామన్నారు. గెలిస్తే మూడు పాయింట్లు, సమంగా ముగిస్తే ఒకటి. మాకు ఆ ఒక్కటి చాలు.

ఆ ఊరికి మారిన మొదటి రెండేళ్లు నన్ను "గుటెన్ టాగ్" అన్న నమస్కారం దాటి పలకరించినవారు లేరు. తప్పు వారిదేనని అనుకోవడం సులభం. నేను మాత్రం ఎవరిని పలకరించాను? ఒక సాయంత్రం కంచె అవతలి నుంచి పొరుగింటి ఊవె అడిగాడు.

"ఆదివారాలు పరుగెత్తగలవా?"

"నడవగలను."

"మా మూడో జట్టుకు అది చాలు."

ఊవె మా గోల్‌కీపర్, కెప్టెన్ కూడా. వయసు యాభై రెండు. విశ్వనాథం అన్న నా పేరును ఆ రోజే 'విశి'గా కుదించాడు. కార్ల కంపెనీలో నాకొక గుర్తింపు కార్డు ఉంది. కేకవేసి పిలిచే పేరు మాత్రం ఆ మైదానంలోనే దొరికింది. జట్టు పోతే మళ్లీ కంచె ఇవతలే మిగిలిపోతానని నాకు తెలుసు.

ఆ సీజనులో పాయింటుకు మేము చేరువైనది ఒక్కసారే. నవంబరులో, బ్రూఖ్‌స్టెట్ ఊళ్లో, రెండు–రెండు మీద ఆట ఆఖరి నిమిషానికి వచ్చింది. మా గోలు ముందు బంతి నా మోచేతికి తగిలింది. రెఫరీ చూడలేదు. నేనే చెయ్యెత్తి చెప్పాను. పెనాల్టీ ఇచ్చారు, ఓడిపోయాము.

తిరుగు ప్రయాణంలో కారు నడిపింది సాయి తేజ. అతడు నా ఆఫీసులోనే ఇంజనీరు, కరీంనగర్ వాడు. మా జట్టులో నిజంగా పరుగెత్తగలిగినవాడు అతడొక్కడే.

"అన్నా, నిన్ను అబద్ధమాడుమని ఎవలన్న అన్నరా? సప్పుడు జేయకుంటే సరిపోవు గదనే!"

మా జట్టులో ఆలస్యంగా వచ్చినా, బూట్లు మరచిపోయినా అందరికీ ఒక క్రేటు బీరు తేవడం ఆచారం. ఆ జరిమానాల పట్టిక కింద ఊవె మర్నాడు కొత్త పంక్తి చేర్చాడు: 'అడగకుండా నిజం చెప్పినందుకు, ఒక క్రేటు.' తాగే అలవాటు లేని నేను దాన్ని రెండు చేతులతో మోసుకెళ్లి అప్పగించాను. అందరూ చప్పట్లు కొట్టారు. నిజానికి ఆ చప్పట్లు నాకు నచ్చాయి.

జూన్ మొదటి ఆదివారం, చివరి మ్యాచ్, మా మైదానంలో. ఎదురుగా మళ్లీ బ్రూఖ్‌స్టెట్. రావలసిన రెఫరీ కారు దారిలో ఆగిపోయిందని కబురు వచ్చింది. ఇంత కింది లీగులో రెఫరీ రాలేదని ఆట ఆపరు. రెండు జట్లూ ఒప్పుకున్న మనిషి ఎవరైనా ఈల పట్టవచ్చు. ఊవె మా ఊరివాళ్ల పేర్లు రెండు చెప్పాడు. బ్రూఖ్‌స్టెట్ కెప్టెన్ యెన్స్ రెండింటికీ తల అడ్డంగా ఊపి, బల్ల మీద ఉన్న నన్ను చూపించాడు.

"అతడు. తన మీద తనే సాక్ష్యం చెప్పుకున్నవాడు."

ఊవె క్షణం ఆలోచించి ఈల నా చేతిలో పెట్టాడు. "మంచిదే. నువ్వు ఆడకపోతే మన బలం పెరుగుతుంది."

యెన్స్ మాటకు నేను లోలోపల పొంగిపోయాను. దాని ఫలితం అరగంటలోనే కనిపించింది. సందేహం ఉన్న ప్రతి బంతినీ బ్రూఖ్‌స్టెట్‌కు ఇచ్చాను. సాయి తేజ నా పక్కగా పరుగెడుతూ గొణిగాడు.

"ఏందన్నా, గా త్రో మనదే గద! నువ్వు మనోడివా, వాళ్లోడివా?"

"ఈ రోజు ఎవరివాణ్ణీ కాను, తేజా."

"గట్ల లేదే నీ తీరు!"

బ్రూఖ్‌స్టెట్ మొదటి గోలు కొట్టింది. డెబ్బయ్యో నిమిషంలో సాయి తేజ ముగ్గురిని దాటి సమం చేశాడు. ప్రత్యర్థి గోల్‌కీపర్ వలలోంచి బంతి తీసి మధ్యకు విసిరేశాడు, మావాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు, నేను మాత్రం ఆఫ్‌సైడేమోనని ఇంకా ఆలోచిస్తున్నాను. "ఇచ్చెయ్యవయ్యా, గోలే!" అని చివరికి యెన్సే అరిచాడు.

ఎనభై ఎనిమిదో నిమిషం. బ్రూఖ్‌స్టెట్ ఆటగాడు మాల్టె, మనిషి తలుపంత ఉంటాడు, బంతితో మా గోలు ముందుకు వచ్చాడు. సాయి తేజ అడ్డుకోబోయాడు. మాల్టె పడిపోయాడు. ఎవరూ అరవకముందే నా ఈల మోగింది. నా చెయ్యి పెనాల్టీ చుక్కను చూపిస్తోంది.

"అన్నా, నేను ముట్టనే లేదే," అన్నాడు సాయి తేజ. గొంతులో కోపం లేదు. ఊవె గ్లవ్స్ బిగించుకున్నాడు.

నేను చూసినదాన్ని గుర్తు చేసుకోబోయాను. చూసింది సాయి తేజ వీపు మాత్రమే. అతడి కాలు ఎక్కడ ఉందో నాకు తెలియదు. నవంబరులో నేను తెలిసింది చెప్పాను. ఇప్పుడు తెలియనిది చెప్పాను. చూసేవారికి రెండూ ఒకే రకం నిజాయితీ. ఎవరూ నన్ను అనుమానించకూడదన్న కోరిక కోసం పదకొండు మంది ఆశను చెల్లించబోతున్నాను. నా వాళ్ల పట్ల అన్యాయం చేస్తే దాన్ని నిష్పాక్షికత అంటారని నాకు ఎవరు చెప్పారు?

బంతి తన్నకముందే రెఫరీ తన నిర్ణయాన్ని మార్చుకోవచ్చు. ఆ మాట నియమాల్లో ఉంది, కాళ్లలో లేదు. అయినా నడిచి వెళ్లి చెప్పాను.

"పెనాల్టీ లేదు. నేను చూడలేదు."

బ్రూఖ్‌స్టెట్ వాళ్లు నన్ను చుట్టుముట్టారు. యెన్స్ అందరినీ తోసుకుంటూ ముందుకు వచ్చాడు.

"చూడకపోతే ఎందుకు ఊదావు?"

"నువ్వు నన్ను అనుమానిస్తావని."

అతడు నన్ను తేరిపార చూసి, మాల్టె వైపు తిరిగాడు. "తగిలాడా?"

మాల్టె మేజోళ్లు పైకి లాక్కుంటున్నాడు. "నా కాలికి నా కాలే అడ్డం పడింది. అడిగితే చెప్పేవాణ్ణి. ఎవరూ అడగలేదు."

యెన్స్ ఆకాశం వైపు చూశాడు. "ఇలాంటివాణ్ణి ఏరి కోరి తెచ్చుకుంది నేనే," అని పకపక నవ్వాడు.

బంతిని ఊవె చేతుల ముందు వదిలి ఆట కొనసాగించాను. మిగిలిన నిమిషాలు గడియారం నన్ను పరీక్షించింది. ఒక్క సెకను ముందు ఊదాలని ఉంది. ఒక్క సెకను ఎక్కువ ఇచ్చి గొప్పవాణ్ణనిపించుకోవాలని కూడా ఉంది. మాల్టె కొట్టిన బంతి గోలు కర్రకు తగిలి బయటికి పోయింది. సమయం కాగానే ఊదాను.

మావాళ్లందరూ గడ్డి మీద వెల్లకిలా పడిపోయారు. నా భార్య భానుమతి గీత దాటి పరుగున వచ్చింది.

"ఓడిపోయారా?"

"లేదు, సమం. ఒక పాయింటు."

"మరి అందరూ అలా పడిపోయారేమిటండీ?"

సాయి తేజ పడుకునే అన్నాడు: "వదినా, గిది సంబురం. గెలిస్తే ఎట్ల జేసుకోవాల్నో మాకెవ్వలికీ ఎర్క లేదు."

క్లబ్బు అధ్యక్షుడు తానే వచ్చి, కొత్త సీజనుకు పేర్లు రాసే కాగితాన్ని సాసేజీలు కాలుస్తున్న పొయ్యి పక్కన బల్ల మీద పెట్టాడు. అందరూ వరసగా సంతకాలు చేశారు. నా వంతు రాగానే ఆగాను.

"ఆటగాడిగానా, రెఫరీగానా?" అని ఊవెను అడిగాను.

"ఆటగాడిగా," అన్నాడు. "నువ్వు ఈల పట్టుకుంటే ఇంకో తొంభై నిమిషాలు నా గుండె తట్టుకోదు, విశి."

పెన్ను సరిగా రాయలేదు. పేరు రెండుసార్లు దిద్దాను.