నాలుగో గిన్నె

ఆ ఇంట్లో భోజనాల బల్లకు నాలుగు కుర్చీలున్నాయి. ఒకదానిలో టైంకీపరు కూర్చుంటాడు. రెండోదానిలో ఆయన అక్కగారు, మూడోదానిలో కొడుకు. నాలుగోదానిలో ఇస్త్రీకి వెళ్ళవలసిన బట్టలు కూర్చుంటాయి. ఇంటి ఇల్లాలు కూర్చోదు. ఆమెను కూర్చోవద్దని ఎవరూ అనలేదు. ఈ మాట ఆ ఇంట్లో ఎవరినడిగినా గుండెమీద చెయ్యి వేసుకుని చెబుతారు. కూర్చోమని కూడా ఎవరూ అనలేదు. ఈ రెండో మాట ఎవరికీ తట్టదు.

ఆమెది కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని. వెనక గదిలో యంత్రం ముందు కూర్చుని, గుండ్రటి బిళ్ళను అంచుల వెంట అరగదీసి, ఫ్రేము గాడిలో వెంట్రుకవాసి తేడా లేకుండా ఇమిడిస్తుంది. దుకాణంలో అందరూ ఆమెను అద్దాలమ్మ అంటారు. భర్తకు బస్సు డిపోలో ఉద్యోగం. ఏ బస్సు ఎప్పుడు గేటు దాటింది, ఏది ఎంత ఆలస్యంగా తిరిగివచ్చింది, ఆ ఆలస్యానికి డ్రైవరు చెప్పిన సాకులో నిజమెంత, ఇదంతా ఆయనకు కరతలామలకం. భార్య రాత్రి ఏ వేళకు తింటుందో మాత్రం ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన ఎన్నడూ గమనించలేదు.

గమనించి ఉంటే ఆయనకు కనిపించేది ఇది: ముగ్గురూ తిని, కబుర్లాడి, చేతులు కడుక్కుని లేస్తారు. ఆమె బల్ల తుడిచి, గిన్నెలు సర్దుతూ, వంటింటి గట్టు దగ్గర నిలబడి, అడుగున మిగిలిన అన్నంలో చల్లారిన కూర కలుపుకుని నాలుగు ముద్దలు మింగుతుంది. దాన్ని భోజనమనడం భాషను అవమానించడం.

దుకాణానికి వారానికి రెండు రోజులు ఒక కంటి డాక్టరమ్మ వస్తుంది. గిరాకీ లేని ఒక మధ్యాహ్నం ఆమె అద్దాలమ్మను పిలిచి, పరీక్ష పరికరం మీద గడ్డం ఆనించమని చెప్పి, కంట్లోకి దీపం వేసి చాలాసేపు చూసింది.

"షుగరు ఎప్పటినుంచి?"

"నాలుగేళ్ళయింది. మాత్ర వాడుతున్నాను డాక్టరుగారూ."

"మాత్ర ఎప్పుడు వేసుకుంటారు, అన్నం ఎప్పుడు తింటారు?"

"మాత్ర ఇంటికి రాగానే. అన్నం... వాళ్ళయ్యాక."

"వాళ్ళకి ఎప్పుడవుతుంది?"

అద్దాలమ్మ వేళ్ళమీద లెక్క మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది.

డాక్టరమ్మ దీపం ఆర్పింది. "కంటి వెనక రక్తపు చుక్కలు మొదలయ్యాయి. ఇప్పుడు జాగ్రత్తపడితే ఆపొచ్చు. లేదంటే ఆ యంత్రం ముందు ఇంకెన్నాళ్ళు కూర్చోగలరో నేను చెప్పలేను. వేళకి తినండి. మిగిలింది కాదు, మీకు కావలసింది తినండి."

ఆ మాట చెప్పి ఆమె తన భోజనం తెరిచింది. ఒకే ఒక్క లోతు గిన్నె. అడుగున ఉడికిన బార్లీ గింజలు. వాటిమీద ఒకవైపు కాల్చిన కోడిమాంసం, ఒకవైపు కీరదోస, టమాటా, ఉల్లి ముక్కలు, నాలుగు నల్లని ఆలివ్ కాయలు, పొడిపొడిగా చిదిమిన ఉప్పటి చీజు, నడుమ వెల్లుల్లి వేసి చిలికిన గట్టి పెరుగు. గ్రీకుల పద్ధతి అని చెప్పి, ఎలా చేస్తారో కూడా తింటూనే చెప్పింది. అద్దాలమ్మ చెవులు వంటను వింటున్నాయి గాని, కళ్ళు వేరొకటి చూస్తున్నాయి. ఆ మనిషి మొదటి చెంచా నుంచి చివరి చెంచా వరకు కుర్చీలోంచి లేవలేదు. కావలసినదంతా ఆ గిన్నెలోనే ఉంది. ఎవరికీ ఏమీ వడ్డించనక్కర్లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో డాక్టరు మాట చెప్పింది.

"షుగరుంటే కళ్ళ గురించి అలాగే అంటారులే," అన్నాడు టైంకీపరు. "మా డిపోలో అందరికీ ఉంది. నాకు బీపీ లేదూ? నేను ఎవరికైనా చెప్పానా?"

ఆయన తన బీపీ గురించి చెప్పని మనిషి ఆ వీధిలో లేడు.

"రేపటినుంచి పనిరోజుల్లో గిన్నె భోజనం," అంది ఆమె. "అందరికీ ఒకటే. నేనూ మీతోనే తింటాను."

ఈ ప్రకటనలోని మొదటి సగమే ముగ్గురి చెవులకూ చేరింది.

"గిన్నెలోనా?" అంది ఆడపడుచు. ఆవిడ భర్త పోయాక తమ్ముడి ఇంటికి వచ్చి ఏడాదయింది. నోరు మాత్రం ఏ సామానూ వదలకుండా వెంట తెచ్చుకుంది. "ఇన్నాళ్ళూ మనుషుల్లా పళ్ళేల్లో తిన్నాం. ఇక పిల్లికి పెట్టినట్టు గిన్నెలో పెడతావన్నమాట."

"బార్లీ అంటే జ్వరానికి కాచిచ్చేది కదమ్మా," అన్నాడు ఫోన్లు బాగుచేసే కొడుకు, చేతిలో ఫోను వదలకుండా.

"గుర్రాలకీ పెడతారు," అంది మేనత్త.

మర్నాడు పొద్దున్నే అద్దాలమ్మ బార్లీ నానబోసింది. పెరుగును పలచటి గుడ్డలో మూటగట్టి కుళాయికి వేలాడదీసింది. ఎముకలేని కోడిమాంసానికి నిమ్మరసం, దంచిన వెల్లుల్లి, ఉప్పు, ఆలివ్ నూనె పట్టించింది. గ్రీకుల ఆకుపొడి కోసం బజారుకు వెళ్ళవలసిన పని లేకపోయింది. కొడుకు పిజ్జాలతో వచ్చిన ఆరెగానో పొట్లాలు ఫ్రిజ్ తలుపులో గుట్టగా పడి ఉన్నాయి.

అయినా మొదటి సాయంత్రం ఆమె ఓడిపోయింది. బార్లీలోని నీళ్ళు వంచకపోవడంతో అది బంకలా ముద్దకట్టింది. మాంసం మరీ వేగి, వేడిమీదే కోయడంతో రసం కారిపోయి, పీచుపీచుగా తయారైంది. "తీర్పు వాయిదా వేస్తున్నాను," అన్నాడు టైంకీపరు, నములుతూ. అయితే అసలు ఓటమి వంటలో లేదు. నాలుగో గిన్నె బల్లమీద పెట్టింది గాని, బట్టల కుర్చీని ఖాళీ చేయడం మరిచి, స్టూలొకటి లాక్కుని అంచున కూర్చుంది. మంచినీళ్ళు అని ఒకరన్నారు. ఉప్పు చాల్లేదని మరొకరన్నారు. నిమ్మచెక్క ఉందా అన్నారు. ప్రతి మాటకూ ఆమె మోకాళ్ళు బుద్ధికంటే ముందు లేచాయి. అందరూ తిని వెళ్ళాక ఆమె గిన్నె అలాగే ఉంది, చల్లగా, పెరుగు పైన నీరు తేరి. ఆమె దాన్ని గట్టు దగ్గరకు తీసుకుపోయి నిలబడి తింది.

ఆ రాత్రి ఆమెకు కోపం వచ్చింది. భర్త మీద కాదు, ఆడపడుచు మీద కాదు. వాళ్ళ మీద కోపం ఎప్పటినుంచో ఉన్నదే, కొత్తగా రావలసిన అవసరం లేదు. తన మోకాళ్ళ మీద వచ్చింది. యజమానురాలి అనుమతి లేకుండా పరుల కొలువు చేస్తున్న ఆ రెండు కీళ్ళకు ముందు బుద్ధి చెప్పాలనుకుంది.

మర్నాడు దుకాణం నుంచి రాగానే నాలుగో కుర్చీలోని బట్టలన్నీ ఎత్తి టైంకీపరు మంచం మీద పోసింది.

"ఏమోయ్, ఇవి ఇక్కడ పోశావేం? నేనెక్కడ పడుకోను?"

"మడతపెడితే మంచం ఖాళీ అవుతుందండీ," అని వంటింట్లోకి వెళ్ళింది.

ఈసారి బార్లీ పలుకు మెత్తబడగానే నీళ్ళు వంచేసి వెడల్పు పళ్ళెంలో ఆరబోసింది. గింజకు గింజ విడివడింది. పెనం బాగా కాలాక మాంసం పరిచి, కదపకుండా ఒకవైపు ఎర్రబడనిచ్చి, తిరగేసి, దించి, మూతపెట్టి కాసేపు వదిలేసింది. వేడిమీద కోస్తే రసమంతా కోసే పలకమీదికి కారిపోతుందని నిన్న తెలుసుకుంది. కీరదోసను తురిమి, పిండి, వెల్లుల్లితో కలిపి మూటలోని పెరుగులో వేసింది. తరువాత బల్ల సర్దింది. నీళ్ళ జగ్గు, గ్లాసులు, ఉప్పు, మిరియాలపొడి, నిమ్మచెక్కలు, చెంచాలు, చేతిగుడ్డలు. ఏ ఒక్కరూ ఏ ఒక్కటీ అడగడానికి సందు లేకుండా, కోటకు బురుజులు కట్టినట్టు కట్టింది. మిగిలిన బార్లీ, మాంసం కలిపి ఉన్న పెనాన్ని మాత్రం మూతపెట్టి పొయ్యిమీదే ఉంచింది. బల్లమీద చోటు లేదు.

ముగ్గురూ వచ్చి కూర్చున్నారు. ఆమె మాత్ర వేసుకుని నాలుగో కుర్చీలో కూర్చుంది.

ఆడపడుచు ఆమెను ఎగాదిగా చూసింది. "నువ్వు కూర్చుంటే మాకెవరు పెడతారే అమ్మాయ్?"

"పెట్టడానికేం లేదు వదినా. అంతా మీ గిన్నెలోనే ఉంది."

నలుగురూ గిన్నెల్లో చెంచాలు ముంచారు. కోడిమాంసం పుల్లగా, కమ్మగా, లోపల రసంతో ఉంది. బార్లీ పంటికింద మెత్తగా నలుగుతోంది. అద్దాలమ్మ మొదటి చెంచా నోట్లో పెట్టుకుంటే నాలుక కాలింది. నాలుక కాలడమనే అనుభవం భోజనంలో ఒక భాగమని ఆమె మరిచిపోయి ఎన్నేళ్ళయిందో.

"బావుందమ్మా," అన్నాడు కొడుకు. ఫోను పక్కన బోర్లా పడి ఉంది. "నిన్నటిదానికీ దీనికీ పోలికే లేదు."

"గుర్రాలు తెలివైనవే," అంది మేనత్త, ఆలివ్ కాయ గింజను గిన్నె అంచున పెడుతూ.

టైంకీపరు హుషారుగా డిపో కథ ఎత్తుకున్నాడు. బ్రేకులు పడటం లేదని రోజూ ఆలస్యంగా వచ్చే డ్రైవరొకడు దారిలో చెల్లెలింట్లో కాఫీ తాగుతూ పట్టుబడ్డాడు. కథ మంచి పట్టులో ఉండగా ఆయన గిన్నె ఖాళీ అయింది. మాట ఆపకుండా, తల తిప్పకుండా, ఆయన ఆ గిన్నెను ఎడమచేత్తో పక్కకు, గాలిలోకి చాచాడు. ఎప్పుడూ అక్కడ ఒక మనిషి ఉంటుంది. ఆ మనిషి అందుకుంటుంది. గిన్నె నిండి తిరిగివస్తుంది.

గిన్నె గాలిలో ఉంది. కథ నడుస్తోంది. అద్దాలమ్మ కీరదోస ముక్కను పెరుగులో ముంచి తింటోంది.

డ్రైవరు కాఫీ తాగేశాడు. చెల్లెలు రెండో కప్పు పోసింది. గిన్నె ఇంకా గాలిలోనే ఉంది. కొడుకు నమలడం ఆపి తండ్రి చేతిని చూస్తున్నాడు. కథలో ఒక మాట తడబడింది. ఆ తరువాత కథే ఆగిపోయింది.

అప్పుడు కుర్చీ కిర్రుమంది. లేచింది ఆడపడుచు. అత్తవారింట పన్నెండుమందికి వడ్డించి వడ్డించి వంగిన ఆ నడుము, ఖాళీ గిన్నె కనబడగానే తనంతట తానే సగం పైకి లేచింది. అద్దాలమ్మ చెయ్యి చాచి ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"కూర్చోండి వదినా."

"వాడికి..."

"మీ భోజనం వేడిగా ఉంది. కూర్చోండి."

పెద్దావిడ అలాగే వంగి నిలబడి మరదలి ముఖంలోకి చూసింది. మెల్లగా కూలబడింది. "అలవాటే అమ్మాయ్," అంది గొంతు తగ్గించి. "నా కాళ్ళు నా మాట వినవు."

"నావీ వినవు వదినా. అందుకే వాటిని కుర్చీ కాళ్ళకి మెలేసి కూర్చున్నాను. చూడండి."

పెద్దావిడ బల్లకిందికి వంగి చూసింది. నిజమే. పైకి లేచేసరికి ఆవిడ భుజాలు నవ్వుతో ఊగుతున్నాయి. చెంచా తీసుకుని తమ్ముడివైపు తిరిగింది. "ఏరా తమ్ముడూ, చెయ్యి అడ్డం పెట్టి ఏ బస్సునాపుతున్నావు? రాదు గాని, లే."

ఆ తరువాత జరిగిన కంటిపరీక్షలో కొత్త చుక్కలేవీ కనిపించలేదని ఇక్కడే చెప్పివేయడం న్యాయం. అయితే ఆ సాయంత్రానికి అద్దాలమ్మకు ఆ సంగతి తెలియదు. ఆమెకు తెలిసినదల్లా తన ఎదుట తన భర్త, డిపోలో నూరు బస్సులను కదిలించే మనిషి, తన రెండు కాళ్ళను కదిలించవలసి వచ్చిందని.

ఆయన లేచాడు. వంటింట్లో మూతలు మోగాయి.

"ఏమోయ్, ఎక్కడుంది?"

"పొయ్యిమీదండీ. మూత పెట్టి ఉంది."

"మూతలు రెండున్నాయి."

"వేడిగా ఉన్నది తియ్యండి."

వేడిగా ఉన్నదేదో ఆయన వేళ్ళు కనిపెట్టినట్టు ఒక చిన్న శబ్దం వినిపించింది. చివరికి గుడ్డతో పెనం పట్టుకుని వచ్చి, తన గిన్నెలో రెండు గరిటెలు వేసుకుని కూర్చోబోయాడు.

"ఎలాగూ లేచావుగా," అని అక్కగారు గిన్నె చాచింది. ఆయన వేశాడు.

"నాన్నా, నాక్కూడా," అన్నాడు కొడుకు. ఆయన బల్ల చుట్టూ తిరిగివెళ్ళి వేశాడు. వాడికి పెరుగు కూడా కావలసివచ్చింది. పెరుగు అందించాడు. అక్కగారికి ఇంకొక ముక్క కావలసివచ్చింది. ఆయన తన గిన్నెవైపు చూసుకున్నాడు. దానిమీద ఆవిరి ఆగిపోయింది.

"మీ అందరికీ వేసేలోపల నాది చల్లారిపోతోంది," అన్నాడు.



"అవునండీ," అంది అద్దాలమ్మ. "చల్లారుతుంది."

ఆయన పెనం పట్టుకుని నిలబడ్డాడు. నిలబడి, ఆ మాటను ఒక పక్కనుంచి, ఇంకొక పక్కనుంచి చూస్తున్నట్టు, భార్య కూర్చున్న కుర్చీని చూశాడు. కూర్చోలేదు.

ఆమె గిన్నె ఖాళీ అయింది. అంత త్వరగా, అంత వేడిగా తినడం వల్ల ముఖానికి చెమట పట్టింది. ఆమె గిన్నెను రెండు చేతులతో ఎత్తి, భర్త ముఖంలోకి నేరుగా చూస్తూ చాచింది.

"నాక్కూడా ఒక గరిటె వెయ్యండి. మాంసం కాస్త ఎక్కువ రావాలి."

ఆయన పెనం అడుగుకు గరిటె పోనిచ్చి, ఎర్రగా కాలిన ముక్కలు వెతికి, వేశాడు. ఇంకొకటి వేశాడు.

"చాలా?"

"ఇంకొంచెం," అంది ఆమె.