నాకు మాత్రమే తొలగించు

శనివారం ఉదయం 11:06కి శ్యాంసుందర్ పంపిన ముప్పై ఎనిమిది సెకన్ల వాయిస్ మెసేజ్, అందాల్సిన ఒక్కరికి కాకుండా నలభై ముగ్గురికి అందింది.

అందాల్సింది మిర్యాలగూడ రైసుమిల్లులో గుమస్తాగా ఉన్న జితేందర్‌కు. ఆయన శ్యాంసుందర్ భార్య వనితకు అన్న. అందింది, కోత మిషన్ ఎవరి పొలానికి ఏ వరసలో వస్తుందో చెప్పుకునే 'చిలుకూరు వరికోత సీరియల్' అనే వాట్సాప్ గ్రూపుకు. శ్యాంసుందర్ జితేందర్ పేరు మీద వేలు పెట్టబోతుండగా గ్రూపులో ఎవరో "నా నంబరు ఎంత?" అని అడిగారు. కొత్త మెసేజ్ రావడంతో గ్రూపు జాబితాలో పైకి ఎక్కింది, జితేందర్ ఒక మెట్టు దిగాడు. వేలు మాత్రం అనుకున్న చోటే పడింది. తెరుచుకున్న పేరు చూడకుండానే మాట్లాడి పంపాడు.

శ్యాంసుందర్ కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌చార్జి. మెసేజ్‌లు పంపేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తల గురించి పోయిన నెలే విద్యార్థులకు గంటన్నర చెప్పాడు. ఆ గ్రూపు పెట్టింది కూడా తనే.

కోదాడ దగ్గరి చిలుకూరులో ఆయనకు మూడెకరాల వరి కోతకు వచ్చింది. సాయంత్రం వడగళ్లు పడొచ్చని వాతావరణ శాఖ చెప్పింది. ఊళ్లో తిరుగుతున్న కోత మిషన్ ఒక్కటే. అది మోతె దగ్గరి తండాకు చెందిన హరిలాల్‌ది. నడిపేది సక్రు. ఆ రోజు సీరియల్లో లింగన్న తర్వాత నంబరు శ్యాంసుందర్‌ది.

మెసేజ్ ఇదీ:

"బావా, ఆ హరిలాల్ మిషన్ సగం గింజ నేల మీదనే ఒదుల్తది. మనం కోసినంక కొంగలు కోసుకుంటయి. ఆ సక్రు నిద్రపోతనే నడుపుతడు, గట్టు వస్తేనే లేస్తడు. ఏం జేస్తం, ఇంకో మిషన్ లేదాయె. మనది కోసేదాక జర అన్నా అన్నా అనాలె, కోసినంక సూద్దాం."

11:08కి శ్యాంసుందర్ పొరపాటు గమనించాడు. మెసేజ్‌ను నొక్కి పట్టుకున్నాడు. రెండు అవకాశాలు వచ్చాయి. పైది 'అందరికీ తొలగించు', కిందిది 'నాకు మాత్రమే తొలగించు'. కాలేజీలో మూడో స్లయిడ్ అంతా ఈ రెండింటి తేడా గురించే. ఆయన కిందిది నొక్కాడు. మెసేజ్ మాయమైంది. హమ్మయ్య అనుకుని మొఖం తుడుచుకున్నాడు. నొక్కింది రద్దు చేసుకోవడానికి ఫోన్ ఇచ్చే నాలుగైదు సెకన్లు ఆ తుడుచుకోవడంలో పోయాయి.

11:14కి లింగన్న ఆ మెసేజ్ కింద మూడు నవ్వు బొమ్మలు పెట్టాడు.

వనిత చూసింది. "ఏమైంది, మొఖం గట్ల పెట్టిండ్రు?"

చెప్పాడు.

"పిల్లలకు పాఠం చెప్పింది మీరేనా?"

"నేనే."

"మరి వాళ్లకేమన్న వచ్చిందా?"

గ్రూపు అడ్మిన్ ఎవరి మెసేజ్‌నైనా అందరి దగ్గరా తీసేయవచ్చు. శ్యాంసుందర్ అడ్మినే. కానీ తన ఫోన్‌లో లేని మెసేజ్‌ను తను తీయలేడు. మిగిలిన అడ్మిన్ ఒక్కడే, హరిలాల్. ఆయన్ను అడ్మిన్ చేసింది కూడా శ్యాంసుందరే.

11:20కి ఫోన్ చేశాడు.

"హరిలాల్ అన్నా, గ్రూపుల నాదొక మెసేజ్ పొరపాటుగ వచ్చింది. ఇనకుండ జర డిలీట్ కొట్టు."

"ఏది సార్, కొంగలదా?"

"ఇన్నవా?"

"రెండుసార్లు ఇన్న. మా ఇంటామె నీలా గూడ ఒకసారి ఇన్నది. డిలీట్ ఎట్ల కొట్టాలె సార్? మీరే నేర్పిండ్రు గాని యాదికి లేదు."

శ్యాంసుందర్ మళ్లీ నేర్పాడు. "నొక్కి పట్టు. పైది కొట్టాలె, కిందిది కాదు."

"కిందిది కొడితే ఏమైతది?"

"నాకైంది అయితది."

హరిలాల్ పైది కొట్టాడు. తర్వాత అన్నాడు: "మీ నంబరు నేనైతే మార్చ సార్. కానీ మిషనే నాది, స్టీరింగ్ సక్రుది. ఆయనతోని మీరే మాట్లాడుకోండ్రి."

11:40కి జితేందర్ ఫోన్ చేశాడు. "బావా, నాకు చెప్పే ముచ్చట మిల్లు హమాలీ ఫోన్ల ఇన్న. చానాసార్లు ఫార్వర్డ్ అయిందని గుర్తు గూడ ఉన్నది." గ్రూపులో తీసేసినా, అప్పటికే బయటికి పోయిన కాపీలు ఉండనే ఉంటాయి. పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప మధ్యలో వాట్సాప్ కంపెనీ కూడా వినే వీల్లేదని శ్యాంసుందర్ రెండో స్లయిడ్‌లో చెప్పాడు. అది నిజమే. మధ్యలో ఎవరూ వినలేదు.

2:00కి లింగన్న పొలం అయిపోయింది. సక్రు ఇంజన్ ఆపి, మిషన్ నీడలో తువ్వాల పరిచి పడుకున్నాడు. శ్యాంసుందర్ వెళ్లి, లేపలేక మూడింటిదాకా నిలబడ్డాడు. పడమర మబ్బు పట్టింది.

"సక్రూ, మబ్బు జూడు."

"గట్టు రాలే సార్. వస్తే లేస్త."

శ్యాంసుందర్ అక్కడే నిలబడి గ్రూపులో 'క్షమించండి' అని టైపు చేశాడు. సక్రు ఒక కన్ను తెరిచి చూశాడు.

"తిట్టినప్పుడు టైపు చేసిండ్రా సార్? నోటితోని అన్నది నోటితోనే చెప్పుండ్రి. గా గ్రూపులనే."

మొదటిసారి రికార్డు చేసింది "ఇందుమూలముగా యావన్మందికి" అని మొదలైంది.

"గిది మీ నోటీసు బోర్డుకు పెట్టుకోండ్రి," అన్నాడు సక్రు.

రెండోది మధ్యలో ఆగింది. సక్రు నిద్రపోడు అని చెప్పబోయి, ఆ సంగతి తనకెలా తెలుసని ఆలోచించాడు. మూడోది 3:25కి పంపాడు. పంపేముందు గ్రూపు పేరు రెండుసార్లు చదివాడు.

"నేను శ్యాంసుందర్‌ను. పోయిన పంటకు సక్రు నా పొలం కోసేటప్పుడు నేను ఆడ లేను, కాలేజీల ఉన్న. ఆయన నిద్రపోయిండో లేదో నేను సూడలె. గింజ రాలిందో లేదో గూడ సూడలె. సూడకుండనే మాట్లాడిన. తప్పు నాది."

సక్రు తన ఫోన్‌లో దాన్ని పెద్దగా పెట్టి చివరిదాకా విన్నాడు. లేచి తువ్వాల దులిపాడు.

"గట్టు వచ్చింది సార్. పదండ్రి."

3:40కి మిషన్ శ్యాంసుందర్ పొలంలో దిగింది. ఆయన దాని వెనకే గట్టు మీద నడిచాడు. 5:35కి వడగళ్లు మొదలయ్యాయి. అప్పటికి మూడెకరాల్లో ఎకరం ముప్పై గుంటలు కోత అయింది. ఎకరం పది గుంటలు మిగిలింది.