హస్తవాసి

జొన్నరొట్టె పెనం మీద ఉండగానే గంట మోగింది, రెండుసార్లు. ఒకసారి మోగితే టీ పట్టుకుని కిందికి వెళ్లాలి. రెండుసార్లయితే ఉత్త చేతులతో వెళ్లాలి. మూడుసార్లయితే పరుగెత్తాలి. మహబూబాబాద్‌లో మా దవాఖాన కింద, మా ఇల్లు పైన. నా భర్త గోపాల్ డాక్టరు. అతను పేషెంట్లను చూసే గదిలో టేబుల్ కింద స్విచ్ ఉంది, దాని గంట మాత్రం నా వంటింట్లో ఉప్పుడబ్బా పైన ఉంది. అది బిగించిన ఎలక్ట్రీషియన్ "పైన గూడ పేషెంటున్నరా సార్?" అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు.

చెయ్యి కడుక్కుంటుంటే మా అత్త చాందీ, పెనం మీది రొట్టె వైపు చూసి, "రష్యాల ఆరేండ్లు సదివినవు గని, రొట్టె గుండ్రంగ చెయ్యరాదు" అంది. పెళ్లయిన వారంలో మొదటిసారి అన్న మాట ఇది. ఈ ఆరేళ్లలో రొట్టె గుండ్రంగా అయింది, మాట మాత్రం మారలేదు.

కింద ప్రసన్న వచ్చి ఉంది. తొర్రూరులో కిరాణా హోల్‌సేల్ వాళ్ల కోడలు. పది రోజుల కింద ఆపరేషన్‌తో ఆడపిల్ల పుట్టింది, కుట్లు విప్పించుకోవడానికి వచ్చింది. నేను విప్పుతుంటే ఆమె గోపాల్‌తో మాట్లాడుతోంది.

"సార్, ఒక మాట అడుగుదామనుకున్న. ఆపరేషన్ చేసేటప్పుడు ఎవరో ఆడామె పాడుతుండె. మాటల్లేవు, ఉత్త రాగమే. ఎవరు సార్?"

"మత్తుల గట్లనే అనిపిస్తదమ్మా."

"నడుముకే గద సార్ మత్తిచ్చిన్రు. తలకాయ మంచిగనే పనిచేసింది."

గోపాల్ నవ్వేసి, మాట మార్చడానికి నన్ను చూపించాడు. "ఈమె మా ఇంటామె. దవాఖానల జర సాయం జేస్తది." ప్రసన్న నాకేసి మర్యాదగా నవ్వి, మళ్లీ అతని వైపే తిరిగింది. "మా అత్తమ్మ ముందే చెప్పింది సార్, మీది హస్తవాసి మంచిదని. కుట్టు జూడున్రి, ఎంత సన్నగ ఉన్నదో." నేను ఆ కుట్టునే చూస్తున్నాను. దాన్ని వేసింది నేను.

దాచి లాభం లేదు, చెప్పేస్తాను. రెండేళ్ల కింద గోపాల్ మెడలో నరం నొక్కుకుపోయి కుడిచేతి మూడు వేళ్లు మొద్దుబారాయి. పెన్ను పట్టుకోగలడు, సూది పట్టుకుంటే దాని స్పర్శ తెలియదు. అంతకుముందు మూడేళ్లు నేను అతనికి ఎదురుగా నిలబడి అన్నీ అందించినదాన్నే, నేర్పింది కూడా అతనే. "ఈ ఒక్క కుట్టు నువ్వెయ్యి" అన్నాడు మొదట. తర్వాత ఒక పొర మొత్తం నన్నే కుట్టమన్నాడు. ఒకరోజు కత్తే నా చేతిలో పెట్టాడు. బల్ల మీద పడుకున్న మనిషికి రొమ్ము దగ్గర ఆకుపచ్చ గుడ్డ అడ్డం కడతారు. దాని ఇవతల ఎవరి చేతులు పనిచేస్తున్నాయో ఆమెకు కనబడదు. గోపాల్ ఆమె తల దగ్గర నిలబడి తెలుగులో, "అయిపోవచ్చిందమ్మా, కుడుతున్న" అంటాడు. అదే ఊపిరితో నాకు మా లంబాడీలో, "కొంచెం కిందికి, ఎడమకు" అని చెబుతాడు. ఆమె అదేదో డాక్టర్ల భాష అనుకుంటుంది. వరంగల్ నుంచి వచ్చే మత్తు డాక్టరు తన ఫోన్ చూసుకుంటుంటాడు, సిస్టర్ నేల చూస్తుంటుంది. అందరం తేలు కుట్టిన దొంగలమే.

చట్టప్రకారం నేను డాక్టర్ని కాను. బయటి దేశంలో డాక్టరీ చదివొచ్చిన వాళ్లు ఇక్కడ ఒక పరీక్ష పాసవ్వాలి, ఆ తర్వాత ఏడాది ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. మొదటిసారి తొమ్మిది మార్కులతో పోయింది. రెండోసారికి పెళ్లి వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడడిగినా 'వచ్చేసారి' అనే మాటే వచ్చింది. చేస్తున్నది తప్పని తెలిసే చేశాను. ఎందుకు చేశావంటే, ఆ గుడ్డ వెనక ముప్పావుగంట తప్ప రోజు మొత్తంలో నన్ను నేను ఇష్టపడే వేళ ఇంకోటి లేదు. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.

ప్రసన్న వెళ్లిపోయాక కత్తెర కడుగుతూ ఆమె మాటే తలచుకున్నాను. రాగం తీసే అలవాటు నాకు లేదు. అది ఉన్న మనిషి నాకు ఒక్కరే తెలుసు.

లీదియా పావ్లొవ్నా పియానో వాయించేది. వోల్గా ఒడ్డున నేను చదివిన ఊళ్లో, హాస్టల్ వెనక వీధిలో రెండు గదుల ఇల్లు ఆమెది. నేను వెళ్లేసరికి ఆమెకు డెబ్బై రెండేళ్లు. ఒక గదిలో నన్ను ఉండనిచ్చింది. బదులుగా నేను సూప్ కాచాలి, మెట్ల మీది మంచు ఊడ్చాలి, కచేరీల్లో ఆమె ముందుండే స్వరాల కాగితాలు తిప్పాలి. సంగీతం రాదని చెబితే, "రాకపోవడమే మంచిది, నా తల ఊగితే లేచి తిప్పు" అంది. ఆ పనికి కొన్ని నియమాలున్నాయి. నల్లబట్టలు వేసుకోవాలి. గాజులు, ఉంగరాలు తీసెయ్యాలి. ఎడమ పక్కన, కాస్త వెనగ్గా కూర్చోవాలి. అందరూ చప్పట్లు కొట్టేటప్పుడు లేవకూడదు. నర్మెట్ట దగ్గర తండాలో పుట్టి, బస్ కండక్టర్ అమర్‌సింగ్ బిడ్డగా పెరిగిన నేను, నల్లగౌనులో ఆ పెద్ద వాద్యం పక్కన ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని. ఆ వేళ్లు తడబడటం నేనెప్పుడూ చూడలేదు. వాయించేటప్పుడు ఆమె గొంతులోంచి సన్నగా కూనిరాగం వచ్చేది. ఆపుకోవాలని చూసేది, ఆగేది కాదు.

రైల్వే కూలి కూతురు ఆమె. స్కూల్లో మూలన పడేసిన పియానో మీద నేర్చుకుని, పదిహేడో ఏట మాస్కో సంగీత విద్యాలయంలో చేరింది. పెద్ద పోటీలో రెండో బహుమతి తెచ్చుకుంది. తర్వాత తన గురువునే పెళ్లి చేసుకుంది. అక్కడితో సగం కథ అయిపోయిందని చెప్పి నవ్వేది. ముప్పై ఏళ్లు ఆయన సాధనకు పక్కన రెండో పియానో వాయించింది ఆమె. ఏ స్వరం ఏ వేలితో వాయించాలో పుస్తకాల్లో పెన్సిల్‌తో అంకెలు వేసింది ఆమె, ఆ పుస్తకాలు అచ్చయింది ఆయన పేరుతో. సొమ్మొకడిది సోకొకడిది అని మా దగ్గర అంటారని చెబితే ఆ మాట నాచేత మళ్లీ మళ్లీ అనిపించింది. ఒకసారి ఆయన రికార్డు చెయ్యాల్సిన రోజున స్టూడియో గుమ్మం దగ్గర భయంతో బిగుసుకుపోయాడట. "నువ్వు వాయించు. ఇద్దరిదీ ఒకటే ఇంటిపేరు కదా" అన్నాడు. ఆమె వాయించింది. రికార్డు ఆయన బొమ్మతో వచ్చింది, రేడియోలో ఆయన పేరుతో మోగింది. ఆమె సూప్ కాస్తూ వినేది.

ఆ రికార్డు నాకు ఒకసారి వేసి వినిపించింది. నెమ్మదిగా సాగే చోట సూదిని ఎత్తి మళ్లీ పెట్టి, "ఇక్కడ విను" అంది. అట్ట మీద మీసాల మనిషి బొమ్మ ఉంది. లోపల, స్వరాల కింద, ఒక ఆడమనిషి కూనిరాగం తీస్తోంది.

"ఇది నేనని చెప్పడానికి నాకు ఇరవై రెండేళ్లు పట్టింది. చెప్పాక ఎవరూ నమ్మలేదు" అంది. "కానీ ఆ రోజు నుంచి నా చేతులు నావయ్యాయి." యాభై ఒకటో ఏట ఒక్క పెట్టెతో ఆ ఇల్లు వదిలి వోల్గా ఒడ్డుకు వచ్చిందట. ఆ తర్వాత పాతికేళ్లకు పైగా రైళ్లలో ఊరూరా తిరిగి కచేరీలు చేసింది. చిన్న చిన్న హాళ్లే, అయినా పోస్టర్ల మీద ఆమె పేరే ఉండేది.

ఆమె చనిపోయినట్టు అక్కడి పక్కింటావిడ ఈ జనవరిలో రష్యా నుంచి మెసేజ్ పెట్టింది. ఆపరేషన్‌లో ఎవరో పాడారని మొదట ఒకామె చెప్పింది ఫిబ్రవరిలో. ప్రసన్న మూడోది. లెక్క వేసుకోవద్దనుకుంటూనే వేసుకున్నాను.

తర్వాతి ఆపరేషన్‌కి గౌను కింద జేబులో ఫోన్ ఆన్ చేసి పెట్టుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం అత్త కునుకు తీస్తుంటే డాబా మీద, ఆరేసిన ఆకుపచ్చ గుడ్డల మధ్య నిలబడి విన్నాను. మొదట గోపాల్ గొంతు వినిపించింది, తర్వాత మిషన్ చప్పుడు. తర్వాత కూనిరాగం వచ్చింది, ముక్కుతో, సన్నగా. వినగానే ఒక రకంగా తేలికపడ్డాను. నేనే తెలియకుండా పాడుతున్నానన్నమాట, ముసలామె అలవాటు అంటుకుందన్నమాట. అంతలో ఫోన్‌లో నా గొంతు, "సిస్టర్, కత్తెర" అంది. రాగం ఆగలేదు. నా మాట కింది నుంచి అది అలాగే సాగిపోయింది.

మళ్లీ విన్నాను. మళ్లీ అదే. కిందికి వెళ్లి గోపాల్‌కి వినిపించాను. చివరిదాకా విన్నాడు. అతని మొహం పాలిపోవడం నేను చూశాను.

"ఏసీ చప్పుడది" అన్నాడు. "రేపటి సంది ఫోన్ లోపలికి తేకు."

"పరీక్షకు అప్లై చేస్త. శుక్రవారం ఆఖరి తారీఖు."

అతను తలెత్తాడు. మేం మాట్లాడుకునేది మా భాషలో. కోపం వస్తే మాత్రం అతనికి తెలుగు వస్తుంది. "నువ్వు పాసైతే సర్కారు కొలువుకు పోతవు. గప్పుడు గీడ ఎవరు నిలబడాలె? నా చెయ్యి సంగతి నీకు ఎర్క లేదా?"

"నా పేరు మీద ఒక్క కాగితమన్న ఉండాలె గద."

"పేరుదేముంది జమునా. ఇద్దరిదీ ఒక్కటే ఇంటిపేరు గద."

ఎక్కడో మాస్కోలో, స్టూడియో గుమ్మంలో ఒక మనిషి అన్న మాట ఇది. ఆ సంగతి నేను గోపాల్‌కి ఎప్పుడూ చెప్పలేదు. లీదియా పావ్లొవ్నా ఎవరని కూడా అతను ఎప్పుడూ అడగలేదు.

శుక్రవారం పొద్దున టిఫిన్లు అయ్యాక వంటింట్లోనే కూర్చుని, ఫోన్‌లో ఫారం నింపి పంపించేశాను. మధ్యాహ్నం రెండున్నరకు గంట రెండుసార్లు మోగింది.

భద్రమ్మ భూపాలపల్లి నుంచి కూతురు రిషితను తీసుకొచ్చింది. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. నొప్పులు ఇంకా మొదలవలేదు, ముందే తారీఖు పెట్టుకున్న ఆపరేషన్. థియేటర్ గుమ్మంలో భద్రమ్మ గోపాల్ కుడిచేతిని రెండు చేతులా పట్టుకుని కళ్లకద్దుకుంది. "మీ హస్తవాసి విని గింత దూరం వచ్చినం సారు. ఒక్కతే బిడ్డ." ఆమె ఏడుస్తోంది, కన్నీళ్లు అతని వేళ్ల మీద పడుతున్నాయి. వాటి తడి అతనికి తెలియదని నాకు తెలుసు. అతను ఎడమచేత్తో ఆమె భుజం తట్టాడు.

లోపల రిషితను బల్ల మీద పడుకోబెట్టారు. సిస్టర్ ఆకుపచ్చ గుడ్డ ముందే కట్టేసింది. మత్తు ఇంకా ఇవ్వలేదు. నేను చేతులు కడుక్కుని, తడి చేతులు పైకెత్తి నిలబడ్డాను.

అప్పుడు మొదలైంది.

నేను పెదవులు గట్టిగా బిగించాను. ఊపిరి కూడా ఆపాను. అది నా ఎడమ పక్క నుంచి, కాస్త వెనక నుంచి వస్తోంది. నెమ్మదిగా సాగే చోటు అది, రికార్డులో ఆమె సూది ఎత్తి మళ్లీ పెట్టి వినిపించిన చోటు. మత్తు డాక్టరు ఫోన్‌లోంచి తలెత్తాడు. సిస్టర్ గోడకు జరిగింది. గోపాల్ నా నోటి వైపే చూస్తున్నాడు. మూసి ఉన్న నోటిని చూస్తున్నాడు.

"ఎవరు పాడుతున్నరు?" అంది రిషిత, గుడ్డ అవతల నుంచి.

గోపాల్ మా భాషలో గుసగుసగా, "కానియ్యి, త్వరగా కానియ్యి" అన్నాడు. అతని గొంతులో భయం ఉంది. ఆరేళ్లలో మొదటిసారి అతని మీద జాలి కలిగింది, అయినా నా కాళ్లు బల్ల వైపు కదల్లేదు. పక్కన కూర్చుని పేజీ తిప్పే మనిషి చప్పట్లప్పుడు లేవకూడదు, నిజమే. కానీ ఇక్కడ వాయిస్తున్నదీ నేనే. ఒక తల్లి ప్రాణం, ఒక బిడ్డ ప్రాణం. పొరపాటు జరిగిన రోజు ఈ గుడ్డ వెనక ఎవరున్నారని అడిగితే ఎవరూ లేరనే చెబుతారు. ఇన్నాళ్లూ అది నాకు అవమానంగానే కనిపించింది. అది వీళ్లకు ఎంత ప్రమాదమో అప్పుడు కనిపించి సిగ్గుతో నా చెవులు మండాయి.

గుడ్డ ముడి విప్పాను. రిషిత మొహం చూశాను, ఇరవై రెండేళ్లుంటాయేమో. "లే బిడ్డా. ఇంకో దవాఖానకు పోదాం. నేను తోడొస్త" అన్నాను. గోపాల్ నా మోచేయి పట్టుకున్నాడు. ఆ పట్టులో బలం లేదు, విడిపించుకోవడం తేలికే అయింది. రాగం ఎప్పుడు ఆగిపోయిందో గమనించలేదు.

బయట భద్రమ్మ బెంచీ మీంచి లేచింది. "ఏమాయె? బిడ్డకేమాయె?"

"ఏం కాలేదవ్వా, మంచిగున్నది. సర్కారు దవాఖానకు తీస్కపోదాం. రెండేండ్ల సంది గీడ ఆపరేషన్లు చేస్తున్నది సారు కాదు, నేను. నాకు చేసే హక్కు ఇంకా రాలేదు. అందుకే చెయ్యను."

గోపాల్ గుమ్మంలో నిలబడిపోయాడు. వరండాలో కూర్చున్న ఆడవాళ్లంతా మా వైపు తిరిగారు. పొద్దున పంపిన ఫారం గుర్తొచ్చింది. ఈ మాటతో అదీ పోవచ్చు, దాంతోపాటు ఇంకా చాలా పోవచ్చు. భద్రమ్మ నన్ను కింది నుంచి పైకి చూసింది. నా చెయ్యి పట్టుకుంటుందని నేనేమీ అనుకోలేదు. ఆమె పట్టుకోనూ లేదు, ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇంతమందిని మోసం జేసిన్రా?"

"చేసినమవ్వా."

"నేను ఊకోను. కేసు పెడత." చీర కొంగుతో కళ్లు తుడుచుకుని సంచిలోంచి దవాఖాన చీటీ తీసి, సిస్టర్ చేతిలోని పెన్ను లాక్కుంది. "నీ పేరేంది? జెప్పు."

ఆరేళ్లలో ఆ దవాఖానలో నా పేరు అడిగిన మొదటి మనిషి ఆమే. తప్పు పోకుండా రాసుకునేలా నిదానంగా, ఇంటిపేరుతో సహా చెప్పాను.