మిగిలిన డీజిలు

మా వ్యానుకు కొత్త డ్రైవరు మా బావమరిది. అదే దారి, అదే బరువు, డీజిలు మాత్రం పాత డ్రైవరుకన్నా తక్కువ పడుతోంది. వ్యాను దారిలోనే ఆపుకుని, సరుకు వేరే బండికెక్కించి పంపేసి, కిలోమీటర్ల మీటరు తిప్పేస్తున్నాడేమోనని నా అనుమానం. నిజమైతే పనిలోంచి మాన్పించేద్దామని ఒకరోజు పక్కన కూర్చున్నాను.

హైవే మీద అతను అరవై దాటలేదు. వెనకవాళ్ళు దాటిపోయేలా పక్కకు జరిగే నడిపాడు. టోల్‌గేటు దూరాన కనబడగానే యాక్సిలరేటరు మీది కాలు తీసేశాడు.

"నేనున్నానని నటిస్తున్నావా?"

"ఎంతసేపు నటించాలో చెప్పు బావా, మధ్యలో టీ తాగాలి."

టోల్‌గేటు దగ్గర పక్క వరుసలోని లారీ డ్రైవరు తల బయటపెట్టాడు. "ఏం తాబేలూ, ఇవాళ తోడు తెచ్చుకున్నావే."

రోజూ ఇలా నడిపితేనే కదా ఆ పేరొచ్చేది. దేవుణ్ణి చూడకుండానే నమ్మే నాకు ఇంటి మనిషి విషయంలో సాక్ష్యం కావలసి వచ్చింది. వ్యాను రెండో తాళం కూడా అతనికే ఇచ్చేశాను.